వీరుడి పంచెకి ఏ రంగు?

యూరప్ నైట్ బొమ్మకి రంగు వేయడానికి ఓపిక ఉంటే చాలు. అదే మన పల్నాటి బాలచంద్రుడి బొమ్మకి వేయాలంటే ఓపికతో పాటు డిటెక్టివ్ బుర్ర కూడా కావాలి. ఎందుకో చూద్దాం.

ముందు నైట్ సంగతి. పదహారో వంతు స్కేల్ అంటే బొమ్మ ఎత్తు దాదాపు 12 సెంటీమీటర్లు. రెజిన్ ముక్కల్ని సబ్బు నీళ్లతో కడిగి, అతికించి, ప్రైమర్ కొట్టాలి. ఆపైన యాక్రిలిక్ రంగు పల్చగా రెండు మూడు కోట్లు. ఇనుప రింగుల కవచానికి మొదట నలుపు వేసి, దాని మీద దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో వెండి రంగు రుద్దాలి. అది రింగుల అంచులకే అంటుకుంటుంది, గుంటల్లో నలుపు అలాగే మిగులుతుంది. బట్ట మడతలకి మాత్రం వెలుగునీడలు మనమే దిద్దాలి. అంత చిన్న మడతలో పడే అసలు నీడ మన కంటికి ఆనదు.

మా కనిగిరి లాంటి ఊళ్లలో ఉండేవాళ్లకి ఇంకో రెండు మాటలు. ఎండాకాలం పాలెట్ మీద రంగు చూస్తుండగానే గట్టిపడిపోతుంది. టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పెట్టి, పైన బటర్ పేపర్ పరిచి రంగు కలుపుకోండి. నీళ్లు ఫిల్టర్‌వే వాడండి, బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు పడతాయి.

ఈ పద్ధతి మనకి కొత్తేం కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికించి, సుద్ద పూశాకే రంగులు వేస్తారు. ఆ సుద్దే మన ప్రైమర్.

ఇక అసలు చిక్కు. నైట్ అంగీ రంగు, డాలు మీద గుర్తు, గుర్రం మీది గుడ్డ ఎలా ఉండేవో చూడాలంటే 14వ శతాబ్దంలో జ్యూరిక్‌లో తయారైన మానెస్సె గ్రంథం ఉంది. అందులో 137 రంగుల బొమ్మలున్నాయి. మన పల్నాటి యుద్ధం 12వ శతాబ్దానిది. కారంపూడిలో ఇప్పటికీ కార్తీకంలో వీరుల ఆయుధాలకి పూజ చేస్తారు. వీరగల్లుల్ని చూస్తే వీరుడు ఎలా నిలబడ్డాడో, కత్తి ఎలా పట్టాడో తెలుస్తుంది. కానీ ఆ రాయి పంచె రంగు చెప్పదు. లేపాక్షి పైకప్పు చిత్రాల్లో రంగులున్నాయి గానీ, అవి 16వ శతాబ్దానివి. మధ్యలో దాదాపు 400 ఏళ్లు!

అలాగని సినిమాలో చూసిన డ్రెస్ దించేద్దామా? బాగా వేసిన బొమ్మ ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిరిగితే చాలు, రేపు పిల్లలకి అదే చరిత్ర అయిపోతుంది.

నేను పాటించే రూల్ ఒకటుంది. ఆ కాలపు మనిషికి దొరికే రంగులే వాడతాను. నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు, పసుపు, రంగు అద్దని నూలు తెలుపు. మొదటి కృత్రిమ బట్టల రంగు 1856లో వచ్చింది, అదీ ఒక రకం ఊదా. కాబట్టి మన వీరుడికి మెరిసే పింక్, నియాన్ గ్రీన్ కుదరవు.

ఇంకో పని కూడా చేయండి. కోడ్‌లో కామెంట్ రాసినట్టు, బొమ్మ పీట అడుగున రెండు లైన్లు రాయండి: కత్తి పట్టు వీరగల్లు చూసి, పంచె రంగు నా ఊహ. మన తర్వాత ఎవరికైనా గట్టి ఆధారం దొరికితే, ఏది మార్చాలో వాళ్లకి తెలుస్తుంది.