రక్తం ఇద్దాం, అడిగి ఇద్దాం



గుండె ఆపరేషన్ అంటే మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న కాస్త భూమీ అమ్ముకోవడమే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కలకడ చుట్టుపక్కల కూలి జనానికి కూడా పెద్దాసుపత్రి గడప తొక్కే ధైర్యం వచ్చింది. సంతోషమే. అయితే పరిశోధన జరిగే ఆసుపత్రుల్లో ఆపరేషన్ కాగితంతో పాటు ఇంకో కాగితం కూడా ఉంటుంది. పరిశోధన కోసం కొంత రక్తం, ఆపరేషన్‌లో తీసిన చిన్న ముక్క తీసుకోవడానికి ఒప్పుకుంటున్నామని దాని సారాంశం.

ఇవ్వవద్దని మేము అనడం లేదు. రుమాటిక్ జ్వరంతో గుండె కవాటాలు పాడయ్యే జబ్బు ఇరుకు ఇళ్లలో బతికే పేదల్లోనే ఎక్కువ. మార్చిన కవాటాన్ని, బైపాస్‌లో మిగిలిన రక్తనాళం ముక్కను పరీక్షిస్తేనే ఇలాంటి జబ్బుల గుట్టు తెలుస్తుంది. రేపు మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకే మేలు. మేము అడిగేది ఒక్కటే: అర్థమయ్యేలా చెప్పి తీసుకోండి.

అమెరికాలో 1951లో హెన్రియెటా లాక్స్ అనే పేద నల్లజాతి మహిళ క్యాన్సర్ కణాలను ఆమెను అడగకుండానే పరిశోధనకు తీసుకున్నారు. అవి ప్రపంచమంతటా ప్రయోగశాలలకు చేరాయి. వాటితో వ్యాపారం చేసిన ఒక కంపెనీ ఆమె కుటుంబంతో రాజీకి వచ్చింది 2023లో!

అంత దూరం ఎందుకు? 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు నడిచింది. రెండు వేలకు పైగా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ పిల్లల్లో ఎందరో మనలాంటి హాస్టల్ పిల్లలే. టీకా మీద మాకు అభ్యంతరం లేదు. అమ్మానాన్నలు ఉండగా వాళ్లను అడగకపోవడం మీదే అభ్యంతరం.

2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. రోగికి తెలిసిన భాషలో చెప్పాలి. చదువురాని వారైతే ఆ పరిశోధనతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి పక్కన ఉండాలి. ఒప్పుకోకపోయినా, మధ్యలో మానుకున్నా వైద్యం ఆగకూడదు. కానీ తెల్లారితే ఆపరేషన్ అనగా, వద్దంటే డాక్టరుకు కోపం వస్తుందేమోనని భయపడే మనిషి వేసే వేలిముద్రను సమ్మతి అనగలమా?

అందుకే ఈ బాధ్యత మనది. మన ఇళ్లలో కాగితం చదవగలిగిన మొదటి తరం మనమే. ఊళ్లో ఎవరు ఆసుపత్రికి వెళ్లినా తోడు వెళదాం. ఆ కాగితం తెలుగులో చదివి వినిపిద్దాం. ఏం తీసుకుంటారు, ఎన్నాళ్లు దాచుతారు, ఎవరికి ఇస్తారు అని మర్యాదగా అడుగుదాం. ఆ తర్వాత ఇవ్వాలో వద్దో వాళ్లనే చెప్పనిద్దాం. హాస్టల్ అన్నం తిని నేర్చుకున్న నాలుగు అక్షరాలు మన వాళ్లకు ఉపయోగపడేది అక్కడే.