పరిగె విడిచిన పొలం

క్రిస్మస్ వస్తే మనవారికి రాజమండ్రి తాడితోట బట్టల కొట్లే దిక్కు. 2007లో ఫ్లిప్‌కార్ట్, 2013లో అమెజాన్ మన దేశంలో వ్యాపారం మొదలుపెట్టాక చీరలే కాదు, పప్పూ ఉప్పూ కూడా సెల్‌ఫోన్‌లోనే కొంటున్నాం. అది పాపమని మేమనం. తూకంలో మోసం చిన్న కొట్టులోనూ మోసమే! అయితే 2020 లాక్‌డౌన్‌లో పనుల్లేని కూలీలకు పద్దు రాసుకుని బియ్యమిచ్చింది వీధి చివరి కొట్టే కదా.

పొలమంతా ఊడ్చుకోక పేదలకు పరిగె విడవాలన్నది ధర్మశాస్త్రం (లేవీ. 19:9,10). గోదావరి రైతుకు పరిగె అంటే ఏమిటో మేం చెప్పనక్కర్లేదు. రూతుకు దొరికింది భిక్ష కాదు, పొద్దస్తమానం వంగి ఏరుకున్న గింజలు. తెల్లవారుజామునే కొట్టు తీసేవానిదీ ఆ కష్టమే. ఆన్‌లైన్‌లో మిగిలే యాభై రూపాయలు మన పొలం అంచు. ఈసారి సంఘంలో విధవరాండ్రకిచ్చే చీరలు తాడితోటలోనే కొంటున్నాం.