పోకెమాన్ లోహపు కార్డులు: మెరుపు ఒక చోట, విలువ మరో చోట

1999లో అమెరికా పిల్లల చేతికి ఒకే బొమ్మ రెండు రూపాల్లో వచ్చింది. మొదటిది అట్ట. ఆ ఏడాది ఆరంభంలో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఆంగ్లంలో విడుదల చేసిన పోకెమాన్ ఆటకార్డులలో, తోక చివర మంట వెలిగే రెక్కల జీవి చారిజార్డ్ కార్డు కోసం పిల్లలు పోటీపడ్డారు. రెండవది లోహం. అదే ఏడాది చివర్లో బర్గర్ కింగ్ ఫలహారశాలలు 23 క్యారెట్ల బంగారు పూత వేసిన ఆరు పోకెమాన్ కార్డులను, భోజనం కొన్నవారికి ఒక్కొక్కటి రెండు డాలర్ల లోపు ధరకు అమ్మాయి. ఆ ఆరింటిలోనూ చారిజార్డ్ ఉంది. పైగా దానికి ధ్రువపత్రం కూడా తోడుగా వచ్చింది.

ఆనాడు ఏది దాచుకోదగినదని అడిగితే, బంగారు పూత కార్డునే చూపించడానికి ఎవరూ సంకోచించి ఉండరు. కాలం మరో తీర్పు ఇచ్చింది. తొలి ముద్రణకు చెందిన, పదికి పది మార్కుల ధ్రువీకరణ పొందిన చారిజార్డ్ అట్టకార్డు ఒకటి 2022 మార్చిలో 4,20,000 డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. బంగారు పూత చారిజార్డ్ మాత్రం సేకరణదారుల విపణిలో సాధారణంగా కొన్ని పదుల డాలర్లకే లభిస్తోంది.

ఈ తారతమ్యాన్ని ఇప్పుడు గుర్తుచేసుకోవడానికి కారణం ఉంది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో వీడియో గేమ్‌గా మొదలైన పోకెమాన్‌కు 2026తో 30 ఏళ్లు. వార్షికోత్సవం వచ్చిందంటే ప్రత్యేక ముద్రణలు వస్తాయి. వాటిలో ఇటీవల లోహానికి పెద్దపీట పడుతోంది. 25వ వార్షికోత్సవ సంవత్సరమైన 2021లో ‘సెలబ్రేషన్స్’ పేరిట వెలువడిన ఖరీదైన పెట్టెలో పికాచు, చారిజార్డ్‌ల తొలినాటి కార్డులకు లోహపు ప్రతులను ఉంచారు. అమెరికాలో ఆ పెట్టె నిర్ణీత ధర 119.99 డాలర్లు. 2023లో ‘151’ వరుసలో అదే తరహా పెట్టెతో మ్యూ అనే జీవి లోహపు కార్డు వచ్చింది. వీటిని అనుకరిస్తూ ఎవరెవరో తయారుచేసిన బంగారు రంగు కార్డులు భారత్‌లోని ఆన్‌లైన్ అంగళ్లలోనూ, బడి పక్కన పుస్తకాల దుకాణాల్లోనూ వేలాడుతున్నాయి.

చెడిపోయేదే ఎందుకు విలువైనదయింది?

కార్డుల సేకరణలో విలువకు మూలం అందం కాదు, పదార్థమూ కాదు. అది నశించిపోవడం. అట్టకార్డు పిల్లల ఆటకోసం పుట్టింది. జేబుల్లో నలిగింది, వానలో తడిసింది, రబ్బరు బ్యాండు బిగింపుకు అంచులు విరిగింది, ఇల్లు మారేటప్పుడు చెత్తబుట్టకు చేరింది. వాటిలో చెక్కుచెదరక మిగిలిన కొద్దిపాటి ప్రతులకే ధర. దాచాలన్న ఆలోచన లేకుండా వాడిన వస్తువు కాబట్టే, దాచిన ఒకటీ అరా అపురూపమైంది.

బేస్‌బాల్ కార్డుల చరిత్ర దీనికి తిరుగులేని సాక్ష్యం. 1952లో టాప్స్ సంస్థ ముద్రించిన మికీ మాంటిల్ కార్డు 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఆ కార్డుకు అంతటి కొరత ఏర్పడటానికి కారణాల్లో ఒకటి హాస్యాస్పదంగా ఉంటుంది. అమ్ముడుపోని 1952 నాటి పెట్టెలు గిడ్డంగిలో చోటు ఆక్రమిస్తున్నాయని, 1960లో వాటిని పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించినట్లు ఆ కార్డుల రూపకర్త, టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ తరువాతి కాలంలో చెప్పారు. ఆనాడు వాటిని ఎవరికైనా ఉచితంగా ఇవ్వజూపినా తీసుకునేవారు లేకపోయారట.

లోహపు కార్డుకు ఈ గతి పట్టదు. అది చిరగదు, నానదు, సులభంగా వంగదు. కొన్నవారు మొదటి రోజు నుంచే దాన్ని దాచుకోవలసిన వస్తువుగా చూస్తారు కనుక పెట్టె కూడా విప్పరు. పాతికేళ్ల తరువాత లెక్కతీస్తే తయారైన ప్రతుల్లో అత్యధికం మెరుస్తూనే కనిపిస్తాయి. కాలం చేయవలసిన వడపోత అక్కడ జరగదు. ఇక మిగిలేది తయారీదారు ప్రకటించే పరిమితి ఒక్కటే: ఇన్ని మాత్రమే చేశాం, ఇకపై చేయబోం అన్న మాట. 1990లలో అమెరికాలోని హైలాండ్ మింట్ సంస్థ టాప్స్ కార్డులకు కంచు, వెండి ప్రతులు రూపొందించి, ఒక్కోదానిపై వరుససంఖ్య వేసి అమ్మడం వెనుక ఉన్నది ఈ తర్కమే. 

దీనికి మినహాయింపు ఉంది. 1999లో జపాన్‌లో జరిగిన ‘యు-గి-ఓ’ పోటీలో విజేతకు బహుమతిగా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన యోధుడి కార్డును ఇచ్చారు. సేకరణదారుల లోకంలో అది ఐతిహ్యంగా నిలిచిపోయింది. అయితే ఆ ఖ్యాతి ఉక్కు వల్ల వచ్చినది కాదు. అది అంగట్లో అమ్మకానికి పెట్టిన వస్తువు కాకపోవడం, గెలిచినవాడికి దక్కిన గుర్తు కావడం వల్ల వచ్చినది.

లోహపు కార్డుతో ఆడటమూ కుదరదు. మామూలు పోకెమాన్ కార్డు బరువు రెండు గ్రాములకు లోపే. అదే కొలతల్లో అర మిల్లీమీటరు మందం ఇత్తడి రేకు కోస్తే 23 గ్రాములకు పైగా తూగుతుంది. కట్టలో కలిపితే కళ్లు మూసుకుని కూడా దాన్ని పట్టుకోవచ్చు. అధికారిక పోటీల్లో వీటికి అనుమతి లేదు. ఆటకు పనికిరాని ఆటకార్డు అంటే, ఒక విధంగా, చెక్కిన పళ్లెం లాంటిదే.

పూతలో బంగారం ఎంత?

తెలుగు ఇళ్లలో ‘బంగారు’ అన్న విశేషణానికి ఉన్న బరువు వేరు. అది రంగు పేరు కాదు, ఆస్తి పేరు. అందువల్ల ఈ లెక్క కాస్త విడమరచి చూడవలసి ఉంది.

పోకెమాన్ కార్డు కొలతలు 63 మిల్లీమీటర్లు, 88 మిల్లీమీటర్లు. రెండు వైపులా కలిపితే సుమారు 111 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. చౌక అలంకరణ వస్తువులపై విద్యుత్తు సాయంతో వేసే పలుచని పూత మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు అనుకుంటే, కార్డంతటికీ కలిపి పట్టే బంగారం 0.02 గ్రాములు. పూర్వం కంసాలి తక్కెడలో వేసే గురివింద గింజ దాదాపు 0.12 గ్రాములు తూగేది. అంటే ఈ పూత గురివింద గింజలో ఆరో వంతు. పూత మందాన్ని అయిదు రెట్లు పెంచినా ఒక గింజ ఎత్తుకు చేరదు. దాన్ని గీకి తీయడానికి అయ్యే ఖర్చే ఎక్కువ.

మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి గిల్టు నగలు తెలియని తెలుగువారు తక్కువ. ఆ హారం కొనే ఇల్లాలికి అది గిల్టేనని తెలుసు, అమ్మేవారు దాచరు, ధర కూడా ఆ మేరకే ఉంటుంది. తిరుమలలో దేవస్థానం అమ్మే రెండు, అయిదు, పది గ్రాముల శ్రీవారి బంగారు డాలర్ల విషయం దీనికి పూర్తిగా భిన్నం. భక్తుడికి బొమ్మ ముఖ్యమైనా, ధర మాత్రం బంగారం బరువును, విపణి రేటును అనుసరించి మారుతుంది. ఈ రెండు పద్ధతులూ నిజాయితీ గలవే. లోహపు కార్డుల వ్యాపారం ఈ రెండింటి నడుమ ఎక్కడో నిలబడుతుంది. మాటలో శ్రీవారి డాలరు, వస్తువులో చిలకలపూడి హారం.

నిజంగా బంగారంతో చేసిన పోకెమాన్ కార్డు కూడా ఒకటి ఉంది. 2016లో కార్డుల ఆటకు 20 ఏళ్లు నిండిన సందర్భంలో జపాన్‌కు చెందిన ఆభరణాల సంస్థ గింజా తనాకా సుమారు 11 గ్రాముల మేలిమి బంగారంతో పికాచు కార్డును తయారుచేసింది. ధర 2,16,000 యెన్‌లు. అప్పట్లో గ్రాము బంగారం 5,000 యెన్‌లకు లోపే ఉంది కనుక, కొనుగోలుదారు చెల్లించిన దానిలో పదార్థం విలువ నాలుగో వంతు మాత్రమే. మిగిలిన మూడు వంతులూ మన కంసాలి భాషలో చెప్పాలంటే మజూరీ, కాకపోతే అది పికాచు పేరుకు చెల్లించిన మజూరీ. 2025 సెప్టెంబరు చివరికి జపాన్‌లో గ్రాము బంగారం 20,000 యెన్‌లు దాటింది. ఆ లెక్కన కార్డును కరిగించినా కొన్న ధర తిరిగి వస్తుంది. ఇక్కడ నష్టభయం తొలగించినది బంగారం ధరే. పూత కార్డుకు అలాంటి ఆసరా ఏదీ లేదు.

మన అంగళ్లలో పరిస్థితి

భారత్‌లో పోకెమాన్‌కు పునాది కార్డుల ఆట వల్ల పడలేదు. 2003 నుంచి కార్టూన్ నెట్‌వర్క్ ప్రసారాలు, చిప్స్ పొట్లాల్లో వచ్చిన టాజో బిళ్లలు ఒక తరం పిల్లలకు ఆ జీవుల పేర్లు నేర్పాయి. 2024లో కొత్త ధారావాహిక హంగామా ఛానెల్‌లో హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ మొదలైంది. బొమ్మ ఇంటింటికీ చేరింది; అసలు కార్డు మాత్రం ఆ స్థాయిలో, అందుబాటు ధరలో చేరలేదు. ఆ ఖాళీని నకిలీలు నింపాయి. 55 కార్డులు ఉన్న బంగారు రంగు ప్లాస్టిక్ పెట్టె కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అధికారిక కార్డుల వెనుక వైపు నీలి రంగు ఉంటుంది. వీటిలో చాలావాటికి వెనుక కూడా పసిడి రంగే. పుట్టినరోజు కానుకగా వీటిని ఇస్తే తప్పేమీ లేదు. పిల్లలు వాటితో సంతోషంగానే ఆడుకుంటారు. చిక్కు వచ్చేది వీటిని ‘గోల్డ్ ఎడిషన్’, ‘అరుదైనవి’, ‘భవిష్యత్తులో విలువ పెరుగుతుంది’ అంటూ అమ్మినప్పుడు.

కరోనా కాలంలో విదేశాల్లో కార్డుల ధరలు ఎగసిన తీరు ఈ ఆశకు ఆజ్యం పోసింది. నాణ్యత ధ్రువీకరించే అమెరికా సంస్థ పీఎస్ఏ, కుప్పతెప్పలుగా వచ్చిపడిన కార్డుల ఒత్తిడికి తాళలేక 2021 మార్చిలో తన సేవల్లో అధిక భాగాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. అదే ఏడాది మే నెలలో విస్కాన్సిన్ రాష్ట్రంలో కార్డుల కోసం జరిగిన ఘర్షణ తరువాత టార్గెట్ దుకాణాలు వాటి అమ్మకాన్ని కొంతకాలం ఆపాయి. ఆ వార్తలు ఇక్కడికి చేరాయి. ఆ ధరలన్నీ పాత అట్టకార్డులవన్న వివరం అంతగా చేరలేదు. పోకెమాన్ సంస్థ లెక్క ప్రకారం 2025 మార్చి నాటికి ప్రపంచవ్యాప్తంగా తయారైన కార్డులు 7,500 కోట్లకు పైమాటే. ఇప్పుడు ముద్రితమవుతున్న అట్టకార్డులను కూడా జనం జాగ్రత్తగా దాస్తున్నారు కనుక, వాటికీ 1999 నాటి భాగ్యం పట్టడం కష్టమే.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది? బంగారు ఆభరణాలకు, కళాకృతులకు 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 తరువాత ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేనిదే అమ్మరాదు. బంగారు పూత వేసిన ఇత్తడి ఈ పరిధిలోకి రాదు. అందువల్ల కార్డు మీద ‘24 క్యారెట్’ అని చెక్కి ఉన్నా, దాన్ని పరీక్షించి ముద్ర వేసే వ్యవస్థ లేదు. మిగిలిన దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్య తీసుకునే అధికారం దాని కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వస్తువు ఏ దేశంలో తయారైందో, ఫిర్యాదుల అధికారి ఎవరో అమ్మకపు వేదిక చూపించాలి. పొట్లంపై దిగుమతిదారు పేరు, గరిష్ఠ చిల్లర ధర ఉండాలని తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. బంగారు రంగు పెట్టె ఒకదాన్ని తిప్పి చూస్తే ఈ వివరాల్లో ఎన్ని కనిపిస్తాయో కొనేవారే తేల్చుకోవచ్చు.

రెండు, మూడు వందల రూపాయల వస్తువుపై ఎవరూ ఫిర్యాదుకు పూనుకోరు. అమ్మేవారి ధీమా కూడా అదే. పెట్టుబడి పేరుతో వేల రూపాయలు చెల్లించిన సందర్భం వేరు. అప్పుడు అమ్మకపు పుటలోని ‘గోల్డ్’ అన్న ప్రకటనను, రసీదును భద్రపరిచి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు.