భయానక క్రీడలలోని పోరాట పద్ధతి

వీడియో క్రీడలనిన తలిదండ్రులలో ననేకులకు గిట్టదు. అందును రోదసీనౌకలు, వికృతజీవులు, చీకటి నడవలు గల భయానక క్రీడలనిన మఱింత వెఱపు. ఆ వెఱపు నిష్కారణము కాదు. అయినను ఒక క్రీడ మంచిదో చెడ్డదో తేల్చుటకు దాని బొమ్మలను జూచిన చాలదు. అది యాడువానిచేత నేమి చేయించుచున్నదో విచారింపవలెను. మన కమాన్‌పూరు ప్రాంతమువారికి ఈ విచారణ మఱింత తగినది. ఏలనన, అట్టి క్రీడలలో ప్రసిద్ధమైన దొకటి గనిపని చుట్టును అల్లబడినదే.

2008వ సంవత్సరమున అమెరికాలో వెలువడి, 2023లో మఱల నిర్మింపబడిన 'డెడ్ స్పేస్' కథ, గ్రహములను చీల్చి ఖనిజములు తీయు 'ఇషిమురా' అను నౌకమీద జరుగును. నాయకుడు ఐజాక్ క్లార్క్ సైనికుడు కాడు; యంత్రములు బాగుచేయు ఇంజనీరు. అతని మొదటి యాయుధము ప్లాస్మా కట్టర్ అను గనిపనిముట్టు. ఎదురువచ్చు జీవుల తలకు గురిపెట్టిన లాభము లేదు. కాలుచేతులను తెగగొట్టినగాని యవి నిలువవు. కావున తూటాలు కుమ్మరించువాడు త్వరలోనే వట్టిచేతులతో మిగులును. పనిముట్టును అడ్డముగనో నిలువుగనో త్రిప్పి, ఒక్కొక్క దెబ్బను సార్థకము చేసికొనువాడు బ్రదుకును. సంచి విప్పి సామగ్రి చూచుకొనుచున్నప్పుడును శత్రువు ఆగడు.

2014లో ఇంగ్లండున నిర్మింపబడిన 'ఏలియన్: ఐసొలేషన్' ఇంకను కఠినము. అందలి గ్రహాంతరజంతువును చంపుటకు వీలులేదు. అగ్నిజ్వాలతో కొంచెముసేపు తఱుమవచ్చును, అంతియే. నాయిక అమండా రిప్లీ బల్లలక్రిందను అలమారలలోను దాగి, చప్పుడు వినుచు, అడుగు వేయవలెను. ఆటను భద్రపఱచుటకు సయితము కొన్ని క్షణములు నిలువవలసియుండును. ఆలోపల జంతువు వచ్చి చంపవచ్చును.

ఈ నియమముల సారమొక్కటే. భయమును బలముతో గాక, పొదుపుతోను మెలకువతోను ఎదుర్కొనవలెను. ఇది మన బొగ్గుబావులలో క్రొత్త సంగతి కాదు. సర్దారు పైకప్పును కఱ్ఱతో తట్టి, దాని ధ్వనిని వినును. మండెడి వాయువు గలదేమో పరీక్షించును. 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన రక్షణదీపము వెలుగునకు మాత్రమే గాక, జ్వాల మారుటచేత వాయువు జాడ తెలుపుటకును ఉపకరించినది. గని కార్మికుని ధైర్యము ఆయుధము పట్టినవాని ధైర్యము కాదు. పనిముట్టు నెఱిగినవాని ధైర్యము.

అయినను ఈ క్రీడలయందు గొప్ప యసత్యమొకటి కలదు. చచ్చినవాడు భద్రపఱచిన చోటినుండి మఱల లేచును. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడినప్పుడు 17 మంది కార్మికులు మరణించిరి. వారికి రెండవ యాట లేదు. తెరమీద పదిమార్లు చచ్చి గెలిచిన యువకుడు, శిరస్త్రాణము లేక మోటారు సైకిలెక్కినచో, ఆ క్రీడ వానికి నేర్పిన దేమియు లేదు.

మఱియు నివి బాలురకొఱకు చేయబడినవి కావు. రక్తపాతము మితిమీరిన యీ రెంటికిని ఐరోపాలో 18 ఏండ్ల వయోనియమము కలదు. ఆ వయస్సు వచ్చువఱకు మన విద్యార్థులు వీనిని ముట్టరాదని నా దృఢాభిప్రాయము. తక్కిన యాటల విషయమున తలిదండ్రులు కేవలము గద్దించి యూరకుండక, ప్రక్కన గూర్చుండి, "ఇందులో నీవేమి చేయుచున్నావు? ఉన్నదానిని లెక్కించుకొందువా? చూచి యడుగు వేయుదువా?" అని యడుగవలెను. చంపినకొలది బహుమతులిచ్చు ఆటకంటె, కొఱతలో నాలోచన నేర్పు ఆట మేలు.

విద్యార్థులారా! రాత్రి షిఫ్టు ముగించి యింటికి వచ్చిన తండ్రిని, లోపల ఏ ధ్వని వినగనే పని నిలిపి వెనుకకు వత్తురో అడిగి తెలిసికొనుడు. మెలకువ యననేమో ఆయన చక్కగా చెప్పగలడు.