క్షమించు నధికార మెవరిది?

గత సంవత్సరము మా తరగతిలో జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసము నారంభించుటకు చదువరులు మన్నింతురు గాక. వసతిగృహమున నుండు నొక బాలుడు, తన తోటివాడు రాత్రివేళ గోడ దూకి సినిమాకు పోయిన సంగతిని పైవారికి దెలిపెను. దానికి బదులుగా ఆ తోటివాడు వీని విజ్ఞానశాస్త్రపు రికార్డు పుస్తకమును నీళ్లతొట్టిలో వైచెను. ఏడాది పొడవునను శ్రమపడి గీసిన బొమ్మలన్నియు సిరా కరగి యొక్కటే మరకయై పోయెను. మేము ఇద్దరిని బిలిపించి, తప్పు చేసినవానిని మందలించి, నష్టపడినవానితో "క్షమించితినని చెప్పు" మని, తరగతి యెదుట చేతులు గలిపించితిమి. బాలురు చప్పట్లు గొట్టిరి. వ్యవహారము చక్కబడెనని మేమును సంతసించితిమి. పదునైదు దినములు గడవకమునుపే ఆ రెండవవాని సైకిలు టైర్లు రెండును కోయబడి యుండెను. ఎవరు చేసిరో విచారింప నక్కఱ లేకపోయెను. వాడే వచ్చి యొప్పుకొనెను. "మొన్ననే క్షమించితివి గదా!" యని మేమడుగగా, వాడు తల వంచుకొనియే, "ఆనాడు క్షమించినది తమరు, మాస్టారూ; నేను కాను" అనెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము వ్రాసికొన్న క్రమశిక్షణ పాఠములలో ఈ మాటకు సమాధానము లేదు. ఆ రాత్రి భారత భాగవతములు దీసి, మఱల చదువ మొదలిడితిమి.

భారతమున సౌప్తికపర్వము మిక్కిలి చిన్నది. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు తెనిగించెను గదా; అందు ఇదియు నొకటి. పదునెనిమిదవ నాటి యుద్ధము ముగిసినది. తొడలు విఱిగి నేలబడియున్న దుర్యోధనుడు అశ్వత్థామను సేనాపతిగా జేసినాడు. సేన యనగా మిగిలినది ముగ్గురే: అశ్వత్థామ, కృపాచార్యుడు, కృతవర్మ. అడవిలో నొక మఱ్ఱిచెట్టు క్రింద తక్కిన యిద్దరును నిద్రించుచుండగా అశ్వత్థామకు నిద్ర రాలేదు. చెట్టుపై నిదురించు కాకులను గుడ్లగూబ యొకటి వచ్చి చంపుట చూచెను. తానును అట్లే చేయ నిశ్చయించుకొనెను.

మేనమామ యగు కృపుడు వారించెను. నిద్రించువానిని, ఆయుధము విడిచినవానిని చంపుట ధర్మము కాదనియు, ఈ రాత్రి విశ్రమించి తెల్లవాఱిన తరువాత ఎదుట నిలిచి పోరుద మనియు చెప్పెను. దానికి అశ్వత్థామ యిచ్చిన సమాధానమును మా విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలెనని మా కోరిక. ధర్మమను కట్టను పాండవులే మునుపు నూఱు ముక్కలుగా త్రెంచిరని యతడనెను. శిఖండిని ముందుంచి భీష్ముని గూల్చిరి. కొడుకు చచ్చెనన్న మాట విని అస్త్రము విడిచిన ద్రోణుని తల నఱికిరి. రథచక్రము క్రుంగియుండగా కర్ణుని వధించిరి. తొడపై గొట్టి దుర్యోధనుని పడవైచిరి. ఈ జాబితాలో నొక్కటియు నబద్ధము కాదు. పగ తఱచుగా నబద్ధముతో మొదలుకాదు. నిజమైన గాయముతోనే మొదలగును. దాని బలము నందే యున్నది, దాని మోసమును నందే యున్నది. ఈ పని చేసినందుకు పురుగునై పుట్టినను మేలే యని కూడ అశ్వత్థామ యనెను. తాను చేయబోవున దేమో యెఱిగియే పోయెను.

శిబిరమున జరిగినదానిని విస్తరించి వ్రాయము. ధృష్టద్యుమ్నుడు నన్ను ఆయుధముతోనైన చంపుమని వేడెను. అశ్వత్థామ కాలితో ద్రొక్కి చంపెను. ద్రౌపది కుమారులు ప్రతివింధ్యుడు, సుతసోముడు, శ్రుతకర్ముడు, శతానీకుడు, శ్రుతసేనుడు ఆ రాత్రి హతులైరి. ఉపపాండవులని కలిపి పిలుచుట చేత ఈ యైదుగురి పేళ్లు మనలో ననేకులకు దెలియనే తెలియవు. వ్యాసము చదువుచున్న విద్యార్థి యొక్కసారి యా పేళ్లు బిగ్గఱగా చదువునేని సంతసింతుము.

ఇద్దరు బాలురు పోట్లాడి వచ్చినపుడు ఉపాధ్యాయుడు మొదట వేయు ప్రశ్న "ఎవడు మొదలుపెట్టెను?" అనునది. ఈ కథలో ఆ ప్రశ్న వేసి చూతము. ధృష్టద్యుమ్నుడు ద్రోణుని చంపెను. ఏల? అతడు అందులకే పుట్టెను. ద్రోణుడు తన శిష్యులచేత ద్రుపదుని బంధింపించి, సగము రాజ్యము గైకొన్నందుకు ద్రుపదుడు యజ్ఞము చేసి యా కొడుకును బడసెను. ద్రోణు డట్లేల చేయించెను? పేదవాడై వచ్చిన బాల్యమిత్రుని ద్రుపదుడు నిండుసభలో అవమానించుటచేత. ఒక పరుషవాక్యము నుండి ఒక రాత్రి మారణహోమము వఱకు త్రాడు తెగక వచ్చినది. ప్రతివాడును తన వంతుగా చెల్లించుచున్నది పాత బాకీ యనియే తలంచెను. ఆ యజ్ఞాగ్ని నుండియే ధృష్టద్యుమ్నునితో గూడ బుట్టినది ద్రౌపది. అనగా నామె పుట్టుకయే పగలో నున్నది.

ఆమె శాంతమూర్తి యని యెవరైన తలంచిన, వారు ఉద్యోగపర్వము చదువలేదన్నమాట. సంధికై పోవుచున్న కృష్ణుని యెదుట తన కురులు పట్టి చూపి, వీనిని మఱవవలదని చెప్పిన స్త్రీ యామె. సౌప్తికపర్వముననే కొడుకుల మరణవార్త విని, అశ్వత్థామను చంపి వాని తలమీది మణి దెచ్చిననే గాని లేవనని ప్రాయోపవేశమునకు గూర్చుండెను. తుద కామణి వచ్చినది. గురుపుత్రుడు గురువుతో సమానుడని చెప్పి, ఆమె దానిని ధర్మరాజు శిరమున నుంచుమనెను. భారతమున వృత్తాంత మింతే. ఇది న్యాయమే, ఇందు మాకు తప్పు తోచదు.

కాని భాగవత ప్రథమస్కంధమున ఈ కథ వేఱొక తీరున నడచును. 15వ శతాబ్దమున పోతన దానిని తెలుగు చేసిన విధము మన భాషకు లభించిన భాగ్యములలో నొకటి. అర్జునుడు అశ్వత్థామను త్రాళ్లతో గట్టి, పశువును వలె ఈడ్చి తెచ్చి, ద్రౌపది యెదుట నిలిపెను. వాని శిరస్సు దెచ్చెదనని యంతకుముందే ప్రతిజ్ఞ చేసియుండెను. వాడు సిగ్గుచేత తల యెత్తలేకపోయెను. ద్రౌపది వానికి నమస్కరించెను. తరువాత విడువుమనలేదు, మొదట నడిగెను. నీ తండ్రి నా భర్తలకు విద్య నేర్పినవాడు. నా బిడ్డలు ఆయుధములు పట్టి నీ మీదికి రాలేదు, నీకు కీడు సేయలేదు. చీకటిలో నిద్రించువారిని చంపుటకు నీకు చేతులెట్లాడినవని యడిగెను. మా తరగతి వ్యవహారమున మేము విడిచిపెట్టిన మెట్టు సరిగా నిదియే. నష్టపడినవాని చేత మేము ఆ ప్రశ్న నడుగనీయలేదు. నేరమును పేరుపెట్టి చెప్పకుండ ఇచ్చు క్షమ నేరస్థుని చెవికి చేరునా?

ఆ తరువాతనే, ఇంటివద్ద వీని తల్లి కృపి యెట్లు విలపించుచున్నదో యని యామె మనసు పోయెను. తాను కుమిలినట్లు మఱియొక తల్లి కుమిలిపోవలదని, కట్లు విప్పుడని కృష్ణార్జునులను వేడెను. ధర్మరాజు మెచ్చుకొనెను. భీమునకు మండిపోయెను. కొడుకులను చంపినవానిని విడువుమను నీమె వెఱ్ఱిదనియు, మీరు చంపనిచో తన పిడికిటితోనే వీని తల పగులగొట్టెదననియు లేచెను. ద్రౌపది యడ్డము వచ్చెను. అప్పుడు కృష్ణుడు నాలుగు చేతులు దాల్చి, రెంటితో భీముని, రెంటితో ద్రౌపదిని వారించెనని పోతన చెప్పును. ఈ దృశ్యమును తలచుకొన్నప్పుడెల్ల మాకు కొంచెము నవ్వును, చాల గౌరవమును గలుగును. భీముని మాటలో న్యాయము లేదని కవి చెప్పలేదు. దానికిని రెండు చేతులు కేటాయించినాడు. తుదకు వధింపక, తల గొఱిగించి, మణి దీసికొని, వెడలగొట్టిరి. కట్లు విప్పుటయు నైనది, శిక్షయు నైనది.

ఇచ్చట మా కొక యాక్షేపణ యున్నది, దాచిన ద్రోహమగును. ద్రౌపది చెప్పిన హేతువులలో వాడు బ్రాహ్మణుడు, గురుపుత్రుడు అనునది యొకటి. కృష్ణుడు తీర్పు చెప్పునపుడును ఈ మాట వచ్చును. పుట్టుకనుబట్టి శిక్ష తగ్గుట మేము న్యాయమని యొప్పజాలము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము చట్టము ముందు అందఱును సమానులని చెప్పినది. కృపి శోకమును తలచిన తల్లి హృదయమునకు మ్రొక్కుదుము. రెండవ హేతువును ఆ కాలమునకే విడిచెదము. మఱియొక సందేహము. ఆ రాత్రి శిబిరమున చచ్చినవారు ఉపపాండవులు మాత్రమే కారు. పేరులేని భటులకును తల్లులు లేరా? వారి తరఫున ద్రౌపది క్షమింపగలదా? భీముడు గాని మఱియెవరు గాని ఈ ప్రశ్న నడుగలేదు. మా యొద్దను దీనికి సమాధానము లేదు.

ఇంగ్లీషు పాఠములో "వెనీసు వర్తకుడు" కథ వినని విద్యార్థి యరుదు. షేక్స్‌పియరు ఈ నాటకము 1600లో అచ్చైనది. మూడువేల డకాట్ల యప్పు తీఱనందున ఆంటోనియో మేని నుండి ఒక పౌను మాంసము కోసికొందునని షైలాకు పట్టుబట్టును. పోర్షియా న్యాయవాది వేషమున వచ్చి దయనుగూర్చి ప్రసంగించును. ఆ ప్రసంగమును మేము విద్యార్థిదశలో కంఠస్థము చేసి బహుమానము పొందినవారమే. ఇప్పుడు మఱల చదువగా రెండు సంగతులు గుచ్చుకొన్నవి. పోర్షియా దయ చూపుమని యడుగునది, ఆంటోనియో చేతను, అతని స్నేహితుల చేతను ఏండ్ల తరబడి ఛీత్కారములు పడినవానిని. ఆంటోనియో తనపై నుమిసినాడని, కుక్కయని తిట్టినాడని షైలాకు ముందే చెప్పుకొన్నాడు. దానికి క్షమాపణ చెప్పినవా డా సభలో నొక్కడును లేడు. ఇక వ్యాజ్యము తలక్రిందులైన పిమ్మట దయ చూపవలసిన వంతు తమకు వచ్చినపుడు వారు చేసిన దేమి? ప్రాణము మాత్రము విడిచి, ఆస్తిలో సగము ఆంటోనియో చేతిలో బెట్టించి, మిగిలినది చచ్చిన వెనుక కూతునకును అల్లునకును జెందునట్లు వ్రాయించి, మతము మార్చుకొమ్మని యాజ్ఞాపించిరి. మేము క్రైస్తవులమై యుండియు, కాదు, క్రైస్తవులమగుట చేతనే, ఆ కడపటి షరతును దయ యని పిలువజాలము. బెదిరించి యిప్పించిన బాప్తిస్మము పగలో నొక భాగమే. షైలాకు పగ క్రూరమైనది, నిజమే. వాని కెదురు నిలిచినవారు దయ యను మాటను నోటితో పలికిరి గాని తమ సొత్తులో నుండి యేమియు వెచ్చింపలేదు. ద్రౌపది చేసిన క్షమ యామెకు ఐదుగురు కొడుకుల వెల పడినది.

గ్రీకుల నాటకములు కూడ ఈ చిక్కును విడదీయ జూచినవి. క్రీస్తుపూర్వము 458లో ఏస్కిలసు ప్రదర్శించిన నాటకత్రయమున, తండ్రిని చంపినందుకు తల్లిని చంపిన ఒరెస్టీసును పగదేవతలు తరుముదురు. ఏథెన్సు పౌరులతో న్యాయసభ యేర్పడి, ఓట్లు సమమై, అతడు విడుదల యగును. మాకు నచ్చినది తీర్పు కాదు. పగదేవతలను తఱిమివేయక, వారికి నగరముననే గౌరవస్థానమిచ్చి నిలుపుకొనుట. గాయపడినవారి కోపమునకు కూర్చుండ చోటు లేని న్యాయసభ నిలువదని ఆ కవి యెఱిగినవాడు.

ఇక మా తరగతి సంగతి. టైర్లు కోసిన బాలుని శిక్షింపవలసి వచ్చినది; శిక్షించితిమి. వాని తండ్రి వచ్చి వెల చెల్లించిపోయెను. తరువాత ఒక సాయంకాలము బడి వదలిన పిమ్మట ఇద్దరిని ఎదురెదురుగా గూర్చుండబెట్టి, తడిసి యుబ్బిన రికార్డు పుస్తకమును నడుమ నుంచి, మేము కిటికీ వద్దకు పోయి నిలిచితిమి. మొదటివాడు పుటలు త్రిప్పుచు, ఏ బొమ్మ యే దినమున గీసినదో, దేనికి మార్కులెన్ని వచ్చినవో చెప్పుచు పోయెను. ఒకచోట గొంతు పట్టుకొనగా నాగెను. రెండవవాడు చాలసేపు పలుకలేదు. తుదకు ఆ బొమ్మలను తానే మఱల గీసి యిత్తునని యొప్పుకొనెను. వాని గీత బాగుండదు. గుండె బొమ్మ వంకాయవలె వచ్చినది. అయినను సంవత్సరాంతమునకు పుస్తకము పూర్తియై పరీక్షాధికారి సంతకము పడినది.

ఈ మాఱు చేతులు గలుపుమని మేము చెప్పలేదు. ఆ బాలుడు వానిని క్షమించెనో లేదో ఇంతవఱకు అడుగలేదు.