సందు అను మాట

నంద్యాలలో బజారు దాటి ప్రక్కకు తిరిగినచో సందడి తగ్గును. ఆ ఇరుకు దారియే సందు. అది మోటుమాట యని తలచి కొందరు పిల్లలు 'లేను' అనుచున్నారు. ఇది తగదు. తెలుగున 'లేను' అనిన, ఇచట నేను లేనని గదా అర్థము!

రెండు గోడల నడిమి ఎడము సందు. పండ్ల నడిమిదియు సందే. అదను కనిపెట్టుటను 'సందు చూచుకొనుట' అందురు. సంస్కృత సంధి శబ్దముతో దీనికి చుట్టరికము కలదు. తమిళులును ఇరుకు వీధిని ఇట్లే పిలుతురు. గొంది యనుటయు మంచిదే గాని, అందు మూల యను భావము హెచ్చు.

ఆళ్లగడ్డలో శిల్పుల ఉలిచప్పుడు దాటి లోనికి పోవు బాటసారి దారి యడిగినచో, అరుగుమీది అవ్వకు 'రెండవ సందు' తెలియును. 'సెకండు లేను' తెలియదు.