మామగారి పడక కుర్చీ

పోయిన వారం ఇల్లు సర్దుతూ మావారు, మా మామగారి పడక కుర్చీని పాతసామాన్లకు వేసేద్దామన్నారు. గుడ్డ చిరిగింది, ఒక కాలు వదులైంది, నిజమే. మా పిల్లలిద్దర్నీ అందులోనే పడుకోబెట్టుకుని జోకొట్టాను. ఎట్లా ఇచ్చేది చెప్పండి?

కుప్పంలో చదువుతున్న మా అమ్మాయికి ఫోనులో చెబితే, "కాలు విరిగిన కుర్చీకి జెనీవాలో ఎంత మర్యాదో తెలుసా అమ్మా" అంది. అక్కడ ఐక్యరాజ్య సమితి కార్యాలయం ఎదుట 12 మీటర్ల చెక్క కుర్చీ ఉంది, ఒక కాలు విరిగినట్టుగా. మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్నవాళ్లను మరవొద్దని 1997లో నిలబెట్టారు. ఆలోచన డానియెల్ బెర్సే అనే శిల్పిది, 5.5 టన్నుల చెక్కతో చేసింది లూయీ జెనెవ్ అనే వడ్రంగి. వాషింగ్టన్‌లోనూ ఒక పెద్ద కుర్చీ ఉంది, 1959లో ఫర్నిచర్ దుకాణం వాళ్లు పెట్టించింది. అది వ్యాపారం లెండి!

వడ్రంగి పేరు కూడా చెప్పుకుంటున్నారే అని ముచ్చటేసింది. మన కుర్చీ ఎవరు చేశారని అత్తనడిగితే, "పుంగనూరు ఆచారి" అంది. పేరు మాత్రం గుర్తుకు రాలేదు పాపం.

మదనపల్లెలో మాకు తెలిసిన ఆచారిని పిలిపించాను. "చెక్క రాయి మాదిరుందమ్మా, అమ్మేస్తారా దీన్ని?" అని కోప్పడి, కాలు బిగించి ఇచ్చాడు. గుడ్డ నేనే కుట్టాను. మీరూ కుట్టేట్టయితే మందపాటి కాన్వాసు తీసుకోండి. కర్ర దూర్చే మడత దగ్గర మూడు వరసలు వేయండి, ఒంటి కుట్టు బరువుకు తెగుతుంది.

ఆచారి చేత కాలి లోపలివైపు ఆయన పేరు రాయించాను. సిగ్గుపడుతూనే రాశాడు.

మావారి మధ్యాహ్నం కునుకు ఇప్పుడు అందులోనే!